మూడు సోమవారాలు

ఈమధ్య మా పాత బ్యాంకు బ్రాంచిలో కొత్తగా చేరిన ఒక ఆఫీసరు ఏదో పాత ఫైలు గురించి అడగడానికి ఫోన్ చేశాడు. పని అయ్యాక మాటల్లో మాటగా, "సార్, మీ సర్వీసులో బాగా గుర్తుండిపోయిన కేసు ఏది?" అన్నాడు. నేనేదో పెద్ద మోసాన్ని పట్టుకున్న కథ చెబుతానని అతను ఆశించినట్టున్నాడు. ముప్పై నాలుగేళ్ల సర్వీసులో నేను పట్టుకున్న మోసాలు రెండో మూడో. అవి కూడా వాటంతట అవే బయటపడ్డాయి. నాకు గుర్తుండిపోయింది ఒక ఖాకీ కవరు. ఫోన్లో చెప్పే సంగతి కాదని, "పెద్దగా ఏమీ లేవు నాయనా" అని పెట్టేశాను. తర్వాత ఆలోచిస్తే చెప్పి ఉండాల్సిందనిపించింది. ఆ కుర్రవాడు కూర్చున్నది ఒకప్పటి నా సీట్లోనే.

రిటైరవడానికి అయిదేళ్ల ముందు నేను నాచారంలో ఇళ్ల లోన్ల సీట్లోకి వచ్చాను. మా దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మంది పారిశ్రామికవాడలో పనిచేసేవాళ్లు, మిగతావాళ్లు రైల్వే వాళ్లు, హబ్సిగూడలోని ప్రభుత్వ సంస్థల వాళ్లు. ఇల్లు కొనడానికి మేము అప్పిస్తే, ఆ ఇంటి ఒరిజినల్ సేల్ డీడ్ అప్పు తీరేదాకా మా దగ్గరే ఉంటుంది. ఒక్కొక్కరికి ఒక ఖాకీ కవరు. పైన అకౌంటు నంబరు. రికార్డు రూములో ఇనుప అల్మారాల్లో వరస ప్రకారం పెడతాం. అప్పు తీరగానే కవరు తీసి ఇచ్చి సంతకం తీసుకుంటాం. పని అంతే. కవరు ఉన్నంతవరకు ఇందులో చెప్పుకోవడానికి ఏమీ లేదు.

నేను ఆ సీట్లోకి వచ్చిన కొత్తలో మా బ్రాంచే ఇల్లు మారింది. బేకరీ మీద మొదటి అంతస్తులో ఉండేవాళ్లం. అక్కడి నుంచి మెయిన్ రోడ్డు మీద కొత్తగా కట్టిన బిల్డింగుకు వెళ్లాం. శని, ఆదివారాల్లో పని పూర్తిచేసి సోమవారం పొద్దున కొత్త చోట తలుపులు తీయాలని పైనుంచి ఆర్డరు. కవర్లన్నీ ఆరు ట్రంకు పెట్టెల్లో సర్దాం. నేను లిస్టు చూసి నంబరు చదవడం, మా అటెండరమ్మ కవరు తీసి పెట్టెలో పెట్టడం, నేను టిక్కు కొట్టడం. అయిదు పెట్టెలు పద్ధతిగానే అయ్యాయి. ఆరో పెట్టె దగ్గరికి వచ్చేసరికి లారీ అతను కింద హారన్ కొడుతున్నాడు, నా నడుం పట్టేసింది. మిగతా టిక్కులన్నీ ఒకేసారి కొట్టేసి, కింద "సరిచూశాను" అని సంతకం పెట్టాను. సంతకం మాత్రం చాలా అందంగా వచ్చింది. తర్వాత విచారణలో ఆ కాగితం నా ముందు పెట్టినప్పుడు మొదట గమనించింది అదే.

అటెండరమ్మ గురించి చెప్పాలి. ఆమె భర్త మా బ్యాంకులోనే పనిచేస్తూ పోతే, ఆయన ఉద్యోగం ఆమెకు ఇచ్చారు. యాదగిరిగుట్ట దగ్గరి పల్లె ఆమెది. ఇంగ్లీషు చదవడం రాదు, కానీ అంకెలు ఒకసారి చూస్తే మరిచిపోయేది కాదు. అల్మారాల తాళాలు చీర కొంగుకు కట్టుకుని తిరిగేది. ఫలానా కవరు అంటే, "గాయనదా సార్, పెద్ద మీసాలాయనది" అంటూ వెళ్లి తీసుకొచ్చేది. ఇరవై ఏళ్లుగా ఆ రికార్డు రూముకు అసలు రిజిస్టరు ఆమే. మా రిజిస్టరు పేరుకే ఉండేది.

బ్రాంచి మారిన మూడేళ్లకు ఒక సోమవారం పొద్దున, పదకొండు గంటలకు, ఒక పెద్దమనిషి నా ముందు కూర్చున్నారు. హబ్సిగూడలో ఒక పరిశోధన సంస్థలో ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేసి రిటైరైన ఆయన. గుంటూరు వైపు మనిషి. ఇరవై రెండేళ్ల వయసులో ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. మా లోనుతో నాచారంలో ఒక ఫ్లాటు కొన్నారు. లిఫ్టు లేని అపార్టుమెంటు, మూడో అంతస్తు. రిటైరైనప్పుడు వచ్చిన డబ్బుతో ఆమధ్యే అప్పు మొత్తం తీర్చేశారు. చొక్కా జేబులో చిన్న నోటుబుక్కు ఉండేది. ఎవరేం చెప్పినా తారీఖు, టైము వేసి అందులో రాసుకునేవారు. ల్యాబులో అలవాటట.

"మా కాగితాలు తీసుకెళ్దామని వచ్చానండీ. ఫ్లాటు అమ్ముతున్నాం," అన్నారు.

కారణం ఆయనే చెప్పారు. ఆరు నెలల కింద ఆయన భార్య మెట్లు దిగుతూ పడ్డారు. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయింది, వాకర్ పట్టుకుని నడుస్తున్నారు, కానీ మూడంతస్తులు ఎక్కడం ఇక కుదరదని డాక్టరు చెప్పేశారు. దవాఖానా నుంచి నేరుగా హబ్సిగూడలో ఆమె చెల్లెలి ఇంటికి తీసుకెళ్లారు. అప్పటినుంచి భార్యాభర్తలిద్దరూ ఆ ఇంటి ముందు గదిలోనే ఉంటున్నారు. ఉప్పల్‌లో లిఫ్టు ఉన్న ఫ్లాటు ఒకటి దొరికింది. ఆమె ఆటోలో వెళ్లి, వాకర్‌తో ప్రతి గదిలోకీ నడిచి, చివరికి బాత్రూం తలుపు దగ్గర ఆగి, "వాకర్ పడుతోంది. ఇది చాలు," అన్నారట. ఆ ఫ్లాటు యజమాని నెలరోజులు గడువిచ్చాడు, అందులో అప్పటికే రెండు వారాలు గడిచిపోయాయి.

నాచారం ఫ్లాటు కొంటున్నది ఒక లేత్ ఆపరేటరు. జనగామ వైపు నుంచి వచ్చి, ఇక్కడి ఫ్యాక్టరీలోనే పదిహేనేళ్లుగా పనిచేస్తున్నాడు. భార్య ఇంట్లో జాకెట్లు కుడుతుంది. ఇద్దరు ఆడపిల్లలు. అతనికి వేరే బ్యాంకు లోను మంజూరు చేసింది. అయితే ఒరిజినల్ సేల్ డీడ్ కళ్లతో చూస్తేగాని డబ్బు విడుదల చేయమన్నారు. ఆ డబ్బు వస్తేగాని టెక్నీషియన్ గారు ఉప్పల్ ఫ్లాటు తీసుకోలేరు. రెండు సంసారాలు కదలాలంటే మా అల్మారాలోని కవరు బయటికి రావాలి.

"అయిదు నిమిషాలు కూర్చోండి సార్," అని నేను రికార్డు రూముకు వెళ్లాను.

ఆ నంబరు ఉండాల్సిన చోట కవరు లేదు. ముందు నంబరు ఉంది, తర్వాతి నంబర్లు ఒకటి రెండు తీసేసి ఉన్నాయి, అప్పులు తీరినవాళ్లవి. పై అర, కింది అర చూశాను. అల్మారా వెనక చెయ్యిపెట్టి చూశాను. అప్పుడే అటెండరమ్మ గుమ్మంలోకి వచ్చింది.

"ఏం దేవులాడుతున్రు సార్?"

"ఏం లేదమ్మా. నువ్వు క్యాష్ దగ్గరికి పో, పిలుస్తున్నారు," అన్నాను. ఆమెను ఎవరూ పిలవలేదు.

బయటికి వచ్చి కూర్చుని ఇలా అన్నాను: "కొన్ని రికార్డులు రీజినల్ ఆఫీసుకు వెళ్లాయి సార్. వచ్చే సోమవారానికి వచ్చేస్తాయి."

ఆ మాట ఎంత సులువుగా వచ్చిందంటే, చెబుతుండగా నాకే నిజమనిపించింది. ఆయన నోటుబుక్కు తీసి రాసుకున్నారు. సోమవారం, పదకొండు. థాంక్స్ చెప్పి వెళ్లిపోయారు.

ఎందుకు అబద్ధం చెప్పావంటే, పెన్షను పోతుందన్న భయమని చెప్పుకుంటే బాగుంటుంది. అదీ కాదు. కాగితం పోయినంత మాత్రాన ఎవరి పెన్షనూ పోదు. ముప్పై ఏళ్లుగా నా సీట్లో కాగితం పోలేదన్న పేరు ఉండేది. కొత్తగా వచ్చినవాళ్లకు "ఆయన దగ్గర నేర్చుకోండి" అని నన్నే చూపించేవారు. ఆ పేరు పోతుందన్న సిగ్గు. రేపటికల్లా దొరుకుతుందన్న నమ్మకం. ఈ రెండే.

ఆ వారమంతా మధ్యాహ్నం అందరూ భోజనానికి వెళ్లినప్పుడు నేను ఒక్కడినే రికార్డు రూములో ఉండేవాణ్ణి. తొమ్మిది వందలకు పైగా కవర్లు. ఒక్కొక్కటీ తీసి పైనున్న నంబరు చూసి పెట్టేవాణ్ణి. ఏ కవరూ విప్పి చూడలేదు. కవరు కోసం వెతికాను గాని, అందులో ఉండాల్సిన కాగితం కోసం వెతకలేదు. ఈ తేడా అప్పట్లో నాకు తట్టలేదు.

రెండో సోమవారం ఆయనతో లేత్ ఆపరేటరు కూడా వచ్చాడు. మొదటి షిఫ్టు వదిలేసి వచ్చినట్టున్నాడు, చేతులకు ఇంకా నూనె మరకలున్నాయి. మనిషి సరదాగానే మాట్లాడాడు.

"లిఫ్టు లేదని రేటు జర తగ్గించిన్రు సార్. మాకు కాళ్లు గట్టిగనే ఉన్నయి. మా పిల్లలైతే ఇప్పటికే మూడుసార్లు ఎక్కి దిగొచ్చిన్రు, ఎన్ని మెట్లున్నయో లెక్కవెట్టిన్రు."

అద్దెకుంటున్న పోర్షను నెలాఖరుకు ఖాళీ చేస్తానని ఇంటాయనకు చెప్పేశాడట. ఇంటాయన వేరేవాళ్ల దగ్గర అడ్వాన్సు కూడా తీసుకున్నాడు. "సోమవారం కాగితాలు వస్తయని సార్ చెప్తే నేను గదే చెప్పిన," అన్నాడు టెక్నీషియన్ గారిని చూపిస్తూ.

"సంబంధిత అధికారి లీవులో ఉన్నారు. మళ్లీ సోమవారం," అన్నాను.

టెక్నీషియన్ గారు రాసుకున్నారు.

మూడో సోమవారం ఆయన ఒక్కరే వచ్చారు. "కాగితాలు వచ్చాయి గాని ఇంకో సంతకం కావాలి," అన్నాను. "వచ్చే సోమవారానికి ఖాయమేనాండీ?" అని ఆయన అడిగారు. "ఖాయం సార్," అన్నాను. ఆయన లేచి వెళ్లాక ఒక గ్లాసు నీళ్లు తాగి మరో కస్టమరును పిలిచాను. పని ఆగలేదు. ఆ నెలలో నేను పన్నెండు కొత్త లోన్లు మంజూరుకు పంపాను.

మా మేనేజరు గురించి కూడా ఒక మాట. వరంగల్ నుంచి ప్రమోషన్ మీద వచ్చిన అమ్మాయి, నా కూతురి వయసు. ఎవరి మీదా గొంతు పెంచేది కాదు. నాలుగైదుసార్లు నా టేబుల్ దగ్గర ఆగి, "సార్, ఏమైనా ఇబ్బందా?" అని అడిగింది. "ఏం లేదు మేడం, నడుం నొప్పి," అన్నాను. చిన్నపిల్ల, ఈమెకేం చెబుతాం అనుకున్నాను. ఆ ఆలోచన తలచుకుంటే ఇప్పటికీ చికాకుగా ఉంటుంది.

ఆ వారం శుక్రవారం. పదకొండున్నర కావస్తోంది. మా బ్రాంచి ముందు రోడ్డు పక్కగా ఒక డీసీఎం వ్యాను వచ్చి ఆగింది. అద్దాల్లోంచి కనబడుతూనే ఉంది. వెనక బీరువా, మంచాలు, గ్యాసు సిలిండర్లు, పాత చీర చుట్టి తాడుతో కట్టిన కుట్టుమిషను. ముందు డ్రైవరు పక్కన ఒక ఆమె, ఒళ్లో ఇద్దరు పిల్లల స్కూలు బ్యాగులు పెట్టుకుని కూర్చుంది. లేత్ ఆపరేటరు దిగి నేరుగా నా దగ్గరికి వచ్చాడు. అరుస్తాడనుకున్నాను. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"సార్, పొద్దున ఎనిమిదింటికే కొత్తోళ్లు సామాను దెచ్చిన్రు. మేము బయటికొచ్చినం. ఇప్పుడు బండి మీద ఉన్నది సంసారం. బండాయన పన్నెండు దాంక ఆగుతనన్నడు. ఎక్కడ దించమంటరో మీరే చెప్పున్రి."

"మీరు ఆయనకు ఫోన్ చేశారా?" అన్నాను.

"చేసిన. వస్తున్నడు."

టెక్నీషియన్ గారు పది నిమిషాల్లో ఆటోలో వచ్చారు. లోపలికి రాకముందే వ్యాను దగ్గర ఆగి, లేత్ ఆపరేటరు భార్యతో ఏదో మాట్లాడి, అప్పుడు లోపలికి వచ్చారు. జేబులోంచి తాళాల గుత్తి తీసి నా టేబుల్ మీద, లేత్ ఆపరేటరు ముందు పెట్టారు.

"తీసుకెళ్లి పైన దించుకో బాబూ. ఫ్లాటు ఖాళీగానే ఉంది. మా సామాను ఒక గదిలో సర్ది ఉంచాం. మా ఆవిడ ఎలాగూ మెట్లెక్కలేదు."

అతను తాళాలు ముట్టుకోలేదు. "రిజిస్ట్రేషన్ గాకుండ ఎట్ల సార్? రేపు ఏమన్న అయితే మీకు గుడ తక్లీఫే గద."

"ఏమవుతుంది? కాగితాలు బ్యాంకులో భద్రంగా ఉన్నాయి. సోమవారం వచ్చేస్తాయి. సార్ చెబుతున్నారుగా," అని ఆయన నా వైపు తిరిగారు. "చెప్పండి సార్, ఇతనికి ధైర్యం చాలడం లేదు."

రిజిస్ట్రేషన్ కాకుండా, డబ్బు చేతికి రాకుండా ఇంటి తాళాలు ఎవరికీ ఇవ్వకూడదని నేను కొన్ని వందల మందికి చెప్పి ఉంటాను. అదే మాట ఆయనకు చెప్పాలి. చెబితే ఆ కుటుంబం రోడ్డు మీద ఉంటుంది. చెప్పకపోతే, లేని కాగితానికి నేను హామీ ఉన్నట్టు. ఆయన నా మాట నమ్మి తన ఇల్లు ఇచ్చేస్తున్నారు.

"లేవు సార్," అన్నాను.

"ఏమిటండీ?"

"కాగితాలు లేవు. రీజినల్ ఆఫీసులో లేవు. ఇక్కడా కనబడడం లేదు."

పక్క కౌంటర్లో నోట్లు లెక్కపెట్టే మిషను చప్పుడు వినబడుతోంది. టెక్నీషియన్ గారు నా వైపు వంగారు.

"ఎప్పటి నుంచి లేవు?"

"మీరు వచ్చిన మొదటి రోజు నుంచే."

ఆయన తల ఊపారు. నోటుబుక్కు తీస్తారనుకున్నాను, తీయలేదు. లేత్ ఆపరేటరు భుజం మీద చెయ్యివేసి, "ముందు నువ్వు సామాను దించుకో. ఆ అమ్మాయి ఎండలో కూర్చుంది," అన్నారు. అతను కదలకపోతే తాళాలు తీసి చేతిలో పెట్టారు. "ఇల్లు నాదే. ఎవర్ని ఉంచుకోవాలో నా ఇష్టం. దీనికి కాగితం అక్కర్లేదు."

ఇద్దరూ బయటికి వెళ్లారు. వ్యాను కదిలింది. నేను లేచి మేనేజరు గదిలోకి వెళ్లి, నిలబడే, మొత్తం చెప్పాను.

ఆ అమ్మాయి మధ్యలో ఒక్కసారీ ఆపలేదు. అంతా విన్నాక ఒకే ప్రశ్న అడిగింది.

"ఎవరెవరిని అడిగారు సార్?"

"ఎవర్నీ అడగలేదు మేడం."

ఆమె బెల్లు కొట్టి అటెండరమ్మను పిలిచింది. నంబరు చెప్పింది. అటెండరమ్మ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"గది చినిగిన కవర్ గద మేడం. బ్రాంచి మారిన నాడు ఆఖరి పెట్టెల పెడుతుంటె అడుగు ఊడి కాగితాలన్నీ కింద వడ్డయి. ఖాళీ కవర్లు అప్పటికే లారీల పోయినయి. ఇప్పటికైతే పక్కదాంట్ల పెట్టి టేపు ఎయ్యి, అక్కడ వోయినంక వేరు చేద్దామని సారే అన్నడు." నా వైపు చూసింది. "యాదికి లేదా సార్?"

అప్పుడు యాదికొచ్చింది. నేల మీద పరుచుకున్న కాగితాలు, కింద హారన్, నా నడుం, నా నోటి మాట. అన్నీ ఒక్కసారిగా వచ్చాయి. మూడేళ్లుగా ఎక్కడున్నాయో తెలియదు.

పక్క కవరు మౌలాలిలో ఉండే ఒక రిటైర్డు రైల్వే గార్డుది. ఏడాది కింద అప్పు తీరిపోయి కవరు తీసుకెళ్లిపోయాడు. దాన్ని ఆయన చేతికి ఇచ్చింది నేనే. సీలు టేపు అంటించి ఉంది కదా అని విప్పకుండానే ఇచ్చాను. లడ్డూల డబ్బా తెచ్చాడు కూడా. మూడు లడ్డూలు తిన్నట్టు గుర్తు.

మేనేజరు తన కారు తాళాలు తీసుకుంది. ముగ్గురం బయలుదేరాం. నాచారం నుంచి మౌలాలి మామూలుగా పావుగంట దారి. ఆ రోజు మాత్రం రైల్వే గేటు దగ్గర, కమాను దగ్గర, ప్రతిచోటా ఆగాం. దారిలో నేను అటెండరమ్మను అడిగాను.

"నీకు తెలిసినప్పుడు నాకెందుకు చెప్పలేదమ్మా?"

"మొదటి నాడే అడిగిన గద సార్, ఏం దేవులాడుతున్రని. మీరు పో అన్నరు. పోయిన."

మేనేజరు అద్దంలోంచి నన్ను చూసి మళ్లీ రోడ్డు చూసింది.

గార్డుగారి ఇల్లు దర్గా గుట్టకు కింద, పట్టాలకు ఆనుకుని ఉన్న పాత కాలనీలో. తాళం వేసి ఉంది. పక్కింటావిడ, కీసర గుట్టకు మొక్కు తీర్చుకోవడానికి వెళ్లారని, సాయంత్రానికి వస్తారని చెప్పింది. మేము అరుగు మీద కూర్చున్నాం. గూడ్సు బండ్లు నాలుగు పోయాయి. ఆ మూడు గంటల్లో నేను ఎన్నో ఆలోచించాను. ఆయన కవరు విప్పి, తనది కాని కాగితం చూసి పారేసి ఉంటే? ఎవరికైనా ఇచ్చి ఉంటే? ఆ కాగితంతో ఎవరైనా ఇంకేదైనా చేసి ఉంటే? అటెండరమ్మ మాత్రం పక్కింటావిడతో కూర్చుని చిక్కుడుకాయలు వలిచింది.

నాలుగున్నరకు దంపతులిద్దరూ ఆటో దిగారు. సంగతి విని గార్డుగారు గాబరాపడలేదు. లోపలికి తీసుకెళ్లి బీరువా తెరిచి, పట్టుచీరల కింది నుంచి కవరు తీశారు. మా సీలు టేపు అలాగే ఉంది.

"మీరు విప్పి చూసుకోలేదా సార్?" అన్నాను.

"మీరు చూసే ఇచ్చిన్రు గద. మళ్ల నేను సూసుడెందుకు?" అన్నాడాయన. "సంతకం గుడ వెట్టిన, అన్నీ ముట్టినయని."

మేనేజరు కవరు విప్పింది. పైన ఆయన కాగితాలు. వాటి కింద, నిలువుగా మడిచి, టెక్నీషియన్ గారి సేల్ డీడ్, అంతకు ముందటి యజమానుల లింకు డాక్యుమెంట్లు. ఒక్క పేజీ పోలేదు. గార్డుగారు కళ్లద్దాలు పెట్టుకుని అందులోని పేరు చదివారు.

"అంటే ఏడాది సంది వేరేటాయన ఇల్లు నా బీరువల ఉన్నదన్నట్టు," అన్నారు.

నేరుగా హబ్సిగూడ వెళ్లాం. టెక్నీషియన్ గారు గుమ్మంలోనే కాగితాలు అందుకుని, కుర్చీలో కూర్చుని, పేజీలన్నీ వరసగా తిప్పి చూశారు. అందరూ సంతకం పెట్టే ముందు అలా చూస్తే నాకు ఈ కథ రాసే పని ఉండేది కాదు. చూశాక మేనేజరుకు థాంక్స్ చెప్పారు. ఇక ఉప్పల్ ఆయనకు కబురు చేయండి సార్, మా తరఫున మేము కూడా ఒక లెటరు ఇస్తాం అని ఆమె అంటే, అప్పుడు చెప్పారు.

"ఆ ఫ్లాటు బుధవారమే వేరేవాళ్లకి ఇచ్చేశారండీ. గడువు అయిపోయిందిగా."

పొద్దున తాళాలు నా టేబుల్ మీద పెట్టినప్పటికే ఆ సంగతి ఆయనకు తెలుసు. తాను కొనాల్సిన ఫ్లాటు పోయిందని తెలిసీ లేత్ ఆపరేటరుకు ఇల్లు ఇచ్చారు.

లేత్ ఆపరేటరు పని మరో పది రోజుల్లో అయిపోయింది. ఉప్పల్ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో స్లాటు దొరకడానికి నాలుగు రోజులు, దొరికిన రోజున సర్వరు పనిచేయక ఒక పూట. నేను సెలవు పెట్టి వెళ్లి వాళ్లతో పాటు బెంచీ మీద కూర్చున్నాను. నన్నెవరూ రమ్మనలేదు, వెళ్లమని కూడా అనలేదు. సంతకాలయ్యాక లేత్ ఆపరేటరు అందరికీ టీ తెప్పించాడు. నాకూ ఇచ్చాడు.

మేనేజరు పై ఆఫీసుకు రిపోర్టు రాసింది. పంపే ముందు నాకు చదవడానికి ఇచ్చింది. బ్రాంచి మార్పిడిలో రికార్డులు సరిచూడకపోవడం, కవరు విప్పకుండా అప్పగించడం, రెండూ ఉన్నాయి. ఒక్క మాట ఎక్కువ లేదు, తక్కువ లేదు.

"మూడు వారాలు నేను చెప్పిన అబద్ధాలు రాయలేదేం మేడం?" అని అడిగాను.

"వాటికి ఫారంలో కాలమ్ లేదు సార్," అంది.

విచారణ జరిగింది. ఒక ఇంక్రిమెంటు ఆపారు. నన్ను వేరే సీటుకు మార్చారు. నాకు బాధ కలగలేదు. శిక్ష పడ్డాక ఆ వ్యవహారం తీరిపోయిందనే అనుకున్నాను. రెండు నెలలు పోయాక ఒక ఆదివారం, ఎలా ఉన్నారో చూద్దామని టెక్నీషియన్ గారి ఇంటికి వెళ్లాను. చెల్లెలి ఇంట్లో ఎన్నాళ్లని ఉంటారు, ఉప్పల్‌లో కింది అంతస్తులో రెండు గదుల పోర్షను అద్దెకు తీసుకున్నారు. ఫ్లాటు అమ్మిన డబ్బు బ్యాంకులోనే ఉంది. రోడ్డు మీద ఫ్లైఓవరు పనులు, దుమ్ము. వెళ్లేసరికి ఆయన గుమ్మం దగ్గర పేపరు చదువుతున్నారు.

లోపల గోడకు ఒక తలుపు ఆనించి ఉంది. బోల్టు, గొళ్లెం అన్నీ అలాగే ఉన్నాయి. చూస్తే బాత్రూం తలుపు. దాని చోట ఒక పూల కర్టెన్ వేలాడుతోంది. తలుపు ఉంటే వాకర్ పట్టడం లేదట, వడ్రంగిని పిలిచి తీయించారు.

నేను క్షమాపణ చెప్పాను. ముందు కూడా చెప్పాను గాని, అప్పుడు పక్కన మేనేజరు ఉంది. కవరు చినగడం, పక్కదాంట్లో పెట్టడం, మరిచిపోవడం, అన్నీ వివరించి, ఎవరికైనా జరగగలిగిందేనన్నట్టు మాట్లాడాను. ఆయన పేపరు మడిచి పక్కన పెట్టారు.

"కాగితం పోవడానికేముందండీ. మా ల్యాబులో నేను ఒకసారి ఆర్నెల్ల పని ఉన్న శాంపిలు పారబోశాను. పొరపాట్లు అవుతాయి," అన్నారు. "మొదటి రోజే పోయిందని చెప్పి ఉంటే నేను మిమ్మల్ని తిట్టేవాణ్ణి. తిట్టి, ఉప్పల్ వెళ్లి, ఆ ఫ్లాటాయనతో ఇదీ సంగతి, రెండు నెలలు టైమివ్వండి అని అడిగేవాణ్ణి. మంచాయనే, ఇచ్చేవాడు. మీరు సోమవారం అన్నారు, నేనూ ఆయనకి సోమవారమే చెప్పాను. మళ్లీ సోమవారం అన్నారు, మళ్లీ అదే చెప్పాను. మూడోసారికి ఆయన నన్ను నమ్మడం మానేశాడు."

ఆయన గొంతులో కోపం లేదు. ఎప్పుడో జరిగిన ప్రయోగం గురించి చెబుతున్నట్టు చెప్పారు.

"ఈ ఊరు వచ్చి నలభై ఏళ్లండీ. నేను మాట మార్చే మనిషినని నా ముఖం మీద అన్నది ఆయనొక్కడే."

లోపలి నుంచి ఆయన భార్య, వచ్చినాయన టీలో చక్కెర వేసుకుంటారా అని అడిగారు. వేసుకుంటానన్నాను. ఆమె వాకర్‌తో వంటగట్టు దగ్గరికి వెళ్లడం, గిన్నె పెట్టడం వినబడుతోంది. నేను లేచి వెళ్లి కప్పులు తెచ్చుకున్నాను. ముగ్గురం టీ తాగాం. కాసేపు ఫ్లైఓవరు గురించి మాట్లాడుకున్నాం.

ఆమె నడవగలిగే ఇల్లు వాళ్లకు మళ్లీ దొరకడానికి ఇంకా పద్నాలుగు నెలలు పట్టింది.